ఒరెగాన్ ట్రైల్: గూడుబండ్లతో పడమటికి నడిచినవాళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేం అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఒకరోజు ఒరెగాన్ సిటీకి తీసుకెళ్లడం మాకు అలవాటు. పంతొమ్మిదో శతాబ్దంలో వలస కుటుంబాలు గూడుబండ్లతో పడమటికి వచ్చిన పాత ఒరెగాన్ ట్రైల్ ముగిసిన ఊరది. అక్కడ గూడుబండి ఆకారంలో కట్టిన మ్యూజియం ఉంది. వచ్చినవాళ్లందరూ కాస్త అటూ ఇటూగా అవే ప్రశ్నలు అడుగుతారు. మా నాన్న వచ్చినప్పుడు మాత్రం లిస్టు బాగా పెరిగింది. ఆయన అద్దంకి వైపు ముప్పై ఏళ్లు ఎద్దులతో వ్యవసాయం చేసిన మనిషి, బండిని చూడగానే చుట్టూ తిరిగి కిందకి వంగి మరీ చూశారు. ఆ ప్రశ్నలూ, తర్వాత నేను చదివి తెలుసుకున్న జవాబులూ ఇవి.

ఒరెగాన్ ట్రైల్ అంటే ఏమిటి? రోడ్డా?

వేసిన రోడ్డు కాదు, బండ్లు పోగా పోగా పడిన దారి. మిస్సోరి రాష్ట్రంలో ఇండిపెండెన్స్ అనే ఊరి దగ్గర మొదలై ఇప్పటి కాన్సాస్, నెబ్రాస్కా, వయోమింగ్, ఐడహో మీదుగా ఒరెగాన్‌లోని విలామెట్ లోయకి చేరుతుంది. దాదాపు 2,000 మైళ్లు, అంటే సుమారు 3,200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగి వచ్చినంత. గడ్డి ఎక్కడుంటే అటు, నీళ్లు ఎక్కడుంటే అటు జరుగుతూ పోయేవాళ్లు కాబట్టి కొన్నిచోట్ల దారి మైళ్ల వెడల్పున పరుచుకుని ఉండేది.

ఈ దారిని ఎవరు కనిపెట్టారు?

చాలా భాగం నేటివ్ అమెరికన్ తెగలు తరతరాలుగా నడిచిన బాటలే. వాటి మీదుగా జంతువుల బొచ్చు తోళ్ల వ్యాపారులు తిరిగారు. రాకీ పర్వతాలు దాటడానికి సౌత్ పాస్ అనే చోటుంది. ఎత్తు 7,400 అడుగుల పైమాటే అయినా ఏటవాలు తక్కువ, బండి ఎక్కగలదు. 1812లో రాబర్ట్ స్టూవర్ట్ అనే వ్యాపారి పడమటి నుంచి తూర్పుకి తిరిగి వస్తూ దాని గుండా వచ్చాడు. ఆ కనుమ లేకపోతే కుటుంబాలు బండ్లేసుకుని వెళ్లడమన్న మాటే లేదు.

ఎంతమంది వెళ్లారు? ఎప్పుడు?

పెద్ద ఎత్తున మొదలైంది 1843లో. ఆ ఏడు దాదాపు వెయ్యి మంది ఒకేసారి బయల్దేరారు. 1848 జనవరిలో కాలిఫోర్నియాలో సట్టర్ మిల్లు దగ్గర జేమ్స్ మార్షల్‌కి బంగారం కనపడ్డాక సంఖ్య అమాంతం పెరిగింది. ఒరెగాన్, కాలిఫోర్నియా, మార్మన్లు అనే మత శాఖవాళ్లు వెళ్లిన యూటా దారులు మూడూ కలిపితే 1840 నుంచి 1860ల దాకా మూడు నాలుగు లక్షల మంది వెళ్లి ఉంటారని అంచనా. దాదాపు సగం దూరం ఈ మూడు దారులూ ఇంచుమించు ఒకటే, ఆ తర్వాతే చీలతాయి.

ఉన్న ఊరొదిలి అంత దూరం ఎందుకు వెళ్లారు?

భూమి కోసం. మిగతా కారణాలన్నీ దీని తర్వాతే. 1837లో అమెరికాలో బ్యాంకులు కుప్పకూలి పంటల ధరలు పడిపోయాయి, ఏళ్ల తరబడి కోలుకోలేదు. మిసిసిపీ, మిస్సోరి నదుల పక్క పల్లెల్లో మలేరియా జ్వరాలు ఏటా మంచం పట్టించేవి. ఒరెగాన్‌లో చలి తక్కువ, వాన బాగా పడుతుంది, నేల సారవంతం, జ్వరాలు లేవు అని పత్రికలు ఊదరగొట్టాయి. వాటిలో అబద్ధాలూ ఉన్నాయి. వాన సంగతి మాత్రం నిజం, ఇక్కడ గొడుగు కొనుక్కున్న ఎవరినైనా అడగండి.

1850లో వచ్చిన డొనేషన్ ల్యాండ్ చట్టం ఈ ఆశకి ముద్ర వేసింది. అప్పటికే వచ్చి ఉన్న పెళ్లికాని మగవాడికి 320 ఎకరాలు, భార్యాభర్తలైతే 640. అందులో సగం భార్య పేరునే రాయాలి. ఆ రోజుల్లో పెళ్లయిన ఆడదాని పేరు మీద ఆస్తి ఉండటం అరుదు కాబట్టి ఇది గొప్ప విషయమే. దాని వెనకే ఇంకొకటి జరిగింది. ఎకరాల కోసం చిన్న వయసు ఆడపిల్లలకి కూడా పెళ్లిళ్లు చేసేశారు. 1850 డిసెంబరు తర్వాత వచ్చినవాళ్లకి వాటా సగానికి తగ్గింది.

640 ఎకరాలనేసరికి మా నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎవరిదమ్మా అదంతా?" అన్నారు. దానికి జవాబు కింద విడిగా రాశాను.

పేదవాళ్లు వెళ్లారా?

మరీ పేదవాళ్లకి కుదిరేది కాదు. బండి, ఎద్దులు, ఆరు నెలల తిండి, తుపాకీ, సామాను అన్నీ కలిపి ఒక కుటుంబానికి 500 నుంచి 1,000 డాలర్లు అయ్యేది. అప్పటి లెక్కలో పెద్ద మొత్తం. ఉన్న పొలం అమ్ముకుని వెళ్లిన మధ్యతరగతి రైతులే ఎక్కువ. చేతిలో డబ్బు లేని కుర్రాళ్లు వేరేవాళ్ల బండి తోలిపెట్టి, అందుకు తిండి పొందుతూ వెళ్లేవాళ్లు.

మార్మన్లలో డబ్బు లేని కుటుంబాలు 1856 నుంచి 1860 దాకా బండ్లకి బదులు తోపుడు బండ్లు లాక్కుంటూ యూటాకి నడిచాయి. 1856లో ఆలస్యంగా బయల్దేరిన రెండు గుంపులు వయోమింగ్ మంచులో చిక్కుకుని 200 మందికి పైగా చనిపోయారు.

బండి ఎలా ఉండేది?

సినిమాల్లో చూపించేంత పెద్దది కాదు. పెట్టె నాలుగడుగుల వెడల్పు, పది పన్నెండు అడుగుల పొడవు. నాలుగు చక్రాలు. మలుపు తిరగడానికి వీలుగా ముందు రెండూ చిన్నవి. పైన వంచిన చెక్క బద్దల మీద కాన్వాస్ గుడ్డ, వాన దిగకుండా దానికి అవిసె నూనె పట్టించేవాళ్లు. ఇరుసుకి పెట్టే కందెన బకెట్టు వెనక వేలాడుతూ ఉంటుంది. సుమారు టన్ను బరువు మించితే ఎద్దులు నిలబడవు. అందుకే దారి పక్కన మంచాలు, పొయ్యిలు, బీరువాలు, పుస్తకాలు పారేసి ఉండేవట. అమ్మమ్మ ఇచ్చిన బీరువాని కొండ ఎక్కలేక రాళ్ల మధ్య వదిలేసి వెళ్లినవాళ్లున్నారు.

నది అడ్డం వస్తే బండి పెట్టె సందుల్లో తారు పూసి పడవలా తేలించేవాళ్లు. కొండ దిగేటప్పుడు చక్రాలు తిరగకుండా గొలుసులు బిగించి, వెనక తాళ్లు కట్టి మనుషులు పట్టుకునేవాళ్లు. పోర్ట్‌లాండ్‌కి తూర్పున లారెల్ హిల్ మీద తాళ్లని చెట్లకి చుట్టి బండ్లని ఒక్కొక్కటిగా జార్చారు.

గుర్రాలా, ఎద్దులా?

ఎక్కువగా ఎద్దులే. గుర్రం వేగంగా పోతుంది కానీ దానికి గింజలు కావాలి. ఎద్దు దారిలో దొరికిన గడ్డి తిని బతుకుతుంది, చౌక, ఓర్పు ఎక్కువ. కంచర గాడిదలు కూడా వాడారు. అవి ఎద్దుల కంటే చురుకు, ధర ఎక్కువ, మొండితనం గురించి చెప్పక్కర్లేదు. ఒక్కో బండికి రెండు మూడు జతలు కట్టేవాళ్లు.

మా నాన్నకి ఇక్కడే అసలు సందేహాలు మొదలయ్యాయి. "మూపురం లేని ఎద్దుకి కాడి ఎలా ఆగుతుంది?" మన ఎద్దుకి కాడి మూపురానికి ఆనుతుంది. అమెరికా పశువులు యూరప్ జాతివి, మూపురం ఉండదు. అందుకని కాడికి కింద ఇంగ్లీషు యు అక్షరంలా వంచిన కర్ర బిగించి దాన్ని ఎద్దు మెడ కిందుగా తెచ్చేవాళ్లు. ఎద్దు భుజాలతో కాడిని తోస్తుంది. "మరి ముక్కుతాడు?" లేదు, పగ్గాలు కూడా లేవు. మాటతోనే నడిపేవాళ్లు. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకి, చేతిలో ఒక కొరడా. ఆరు ఎద్దుల్ని ముక్కుతాడు లేకుండా రెండువేల మైళ్లు తోలారంటే ఆయన నమ్మలేదు. డెక్క రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండేసి లాడాలు కొట్టేవాళ్లని చెప్తే, "అది మనదీ అంతే" అని కాస్త కుదుటపడ్డారు.

బండివాడు ఎక్కడ కూర్చునేవాడు?

కూర్చునేవాడు కాదు. ఎద్దుల ఎడమ పక్కన నడిచేవాడు. అసలు దాదాపు అందరూ నడిచారు. బండి నిండా సామాను, పైగా స్ప్రింగులు లేని బండి కుదుపుకి ఒళ్లు హూనమయ్యేది. ముసలివాళ్లు, రోగులు, పసిపిల్లలే ఎక్కేవాళ్లు. పొద్దున పాలు డబ్బాలో పోసి బండికి కడితే సాయంత్రానికి వెన్న తేలి ఉండేది. కుదుపు ఎంతుండేదో దీన్నిబట్టి ఊహించుకోండి.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే గట్టిగా తగిలే విషయం ఇదే. మనం చూసిన కౌబాయ్ సినిమాల్లో, 1971లో కృష్ణ టోపీ పెట్టుకుని గుర్రమెక్కినప్పటి నుంచీ, పడమర అంటే దౌడు. నిజంగా జరిగిందేమో నడక. రోజుకి పదిహేను మైళ్లు, ఎద్దు అడుగు వేగంతో, దుమ్ము మింగుతూ, అయిదారు నెలలు.

ఏ నెలలో బయల్దేరాలి?

ఏప్రిల్ చివర, మే మొదట్లో. ముందే వెళ్తే ఎద్దులకి గడ్డి మొలిచి ఉండదు. ఆలస్యమైతే చివరి కొండల్లో మంచు పడుతుంది. వయోమింగ్‌లోని ఇండిపెండెన్స్ రాక్ దగ్గరికి జులై 4 నాటికి చేరితే టైముకి ఉన్నట్టు. ఆ రాతి మీద వేలమంది తమ పేర్లు చెక్కారు. కోటలకీ గుళ్లకీ వెళ్లినప్పుడు మనవాళ్లు చేసే పనే, నూట డెబ్బై ఏళ్లయ్యేసరికి దాన్ని చరిత్ర అంటున్నాం.

ఆలస్యమైతే ఏమయ్యేది?

డోనర్ పార్టీకి జరిగింది. 1846లో కాలిఫోర్నియాకి వెళ్తున్న గుంపు అది. లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ అనే ఆయన ప్రచారం చేసిన అడ్డదారి పట్టారు. ఆ దారిలో ఆయన అప్పటిదాకా బండి తోలి చూసిన పాపాన పోలేదు. చెట్లు నరుక్కుంటూ, ఉప్పు ఎడారి దాటుతూ వారాలు పోగొట్టుకున్నారు. సియెరా నెవాడా కొండల దగ్గరికి వచ్చేసరికి మంచు మూసేసింది. 87 మందిలో 48 మంది బతికారు. తిండి అయిపోయాక కొందరు చనిపోయినవాళ్ల మాంసం తిన్నారు.

ఏం తినేవాళ్లు?

రొట్టె, పంది మాంసం, కాఫీ. మర్నాడు కాఫీ, రొట్టె, పంది మాంసం. 1859లో ఒక సైనిక అధికారి రాసిన గైడు ప్రకారం కాలిఫోర్నియా దాకా 110 రోజులకి ఒక్కో పెద్దమనిషికి 150 పౌన్ల పిండి, 25 పౌన్ల బేకన్, 15 పౌన్ల కాఫీ, 25 పౌన్ల పంచదార ఉండాలి. ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు, బీన్స్, వెనిగర్‌లో ఊరేసిన కూరగాయలు తీసుకెళ్లినవాళ్లు తెలివైనవాళ్లు, పుల్లటివి లేకపోతే చిగుళ్లు వాచి రక్తం కారే స్కర్వీ వస్తుంది. దారిలో దొరికితే బైసన్ అనే అడవి దున్న మాంసం. పడమటి నదుల దగ్గర నేటివ్ అమెరికన్ల నుంచి సాల్మన్ చేపలు కొనేవాళ్లు.

వంటచెరకు దొరకని మైదానాల్లో ఎండిన బైసన్ పేడ ఏరుకొచ్చి కాల్చేవాళ్లు. మ్యూజియంలో దాని దగ్గరికి రాగానే మిగతా టూరిస్టులు ముక్కు మూసుకుని నవ్వుతుంటే, మా అమ్మ "ఏరు పిడకలేగా" అని ముందుకెళ్లిపోయింది. తూర్పు నుంచి వచ్చిన ఆడవాళ్లు మొదట చేత్తో ముట్టుకోవడానికి అసహ్యించుకునేవాళ్లట. నెల తిరిగేసరికి ఒళ్లో అప్రన్ నిండా ఏరుకొచ్చేవాళ్లు.

ఆడవాళ్ల పరిస్థితి?

పగలంతా మగవాళ్లతో సమానంగా నడక. బండి ఆగాక మగవాళ్లకి పని తగ్గుతుంది, వాళ్లకి పెరుగుతుంది. గాలికి ఆరిపోయే పొయ్యి మీద వంట, నది కనపడితే బట్టలు, రోగులకి సేవ. చాలామంది డైరీలు రాశారు కాబట్టి ఇదంతా మనకి తెలుస్తోంది.

నాకు బాగా గుర్తుండిపోయింది అమీలియా స్టూవర్ట్ నైట్ డైరీ. 1853లో అయోవా నుంచి భర్తతో, ఏడుగురు పిల్లలతో బయల్దేరింది. వాన, బురద, చచ్చిపోతున్న ఎద్దులు, జ్వరాలు, పొడిపొడిగా రాసుకుంటూ పోతుంది. ఒకరోజు లూసీ అనే కూతుర్ని పొరపాటున వెనక వదిలేసి వచ్చేశారు. ఒక బండివాళ్లు ఇంకో బండిలో ఉందనుకున్నారు. కొన్ని మైళ్లు పోయి ఎద్దులకి విశ్రాంతి ఇస్తుంటే వెనక వస్తున్న వేరే గుంపు ఆ పిల్లని తెచ్చి ఇచ్చింది. పెళ్లిళ్లలో మన ఇళ్లల్లో కూడా ఇలా జరుగుతుంది కానీ, అక్కడ వెనక్కి వెళ్లి వెతకడానికి ఊరు లేదు. ఇంకో సంగతి, ఆమె బయల్దేరేటప్పటికే గర్భవతి. డైరీలో ఎక్కడా ఆ మాట ఎత్తదు. చివర్లో, కొండలు దాటాక, దారి పక్కన ఎనిమిదో బిడ్డ పుట్టాడని రాస్తే గానీ మనకి తెలియదు.

బండ్లు గుండ్రంగా నిలిపేది దాడుల భయంతోనేనా?

ముఖ్యంగా పశువుల కోసం. బండ్లని ఒకదానికొకటి గొలుసులతో కడితే దొడ్డి తయారవుతుంది, ఎద్దులు రాత్రిపూట పారిపోవు. మనుషులు బయట డేరాల్లోనో బండి కిందో పడుకునేవాళ్లు.

దాడుల లెక్క కూడా ఉంది. జాన్ అన్రూ అనే చరిత్రకారుడు తేల్చిన ప్రకారం 1840 నుంచి 1860 దాకా ఇరవై ఏళ్లలో నేటివ్ అమెరికన్ల చేతిలో చనిపోయిన ప్రయాణికులు 362 మంది. ప్రయాణికుల చేతిలో చనిపోయిన నేటివ్ అమెరికన్లు 426 మంది. లక్షల మంది నడిచిన దారిలో ఇది చాలా చిన్న సంఖ్య. మొదటి ఏళ్లలో అయితే నదులు దాటించిందీ, దారి చెప్పిందీ, గుర్రాలూ చేపలూ అమ్మిందీ ఆ తెగలవాళ్లే.

మరి దేనివల్ల చనిపోయారు?

కలరా. తెలంగాణలో గత్తర అంటారే, అదే. 1849 నుంచి 1853 దాకా ప్లాట్ నది పొడవునా విజృంభించింది. పొద్దున బాగున్న మనిషి రాత్రికి ఉండేవాడు కాదు. ముందు వెళ్లిన గుంపు మురికి చేసిన చోటే వెనక వచ్చిన గుంపు నీళ్లు తోడుకునేది. నీళ్ల వల్ల వస్తుందని వాళ్లకి తెలియదు. నీళ్లు మరిగించి కాఫీ కాచుకుని తాగినవాళ్లకి తెలియకుండానే కొంత రక్షణ దొరికింది.

దాని తర్వాత నదుల్లో మునిగిపోవడం, చక్రాల కింద పడటం, సొంత తుపాకీ పేలడం. కదులుతున్న బండి ఎక్కబోయి దిగబోయి జారిన పిల్లలు చాలామంది. మొత్తం చావులు 20,000 దాటి ఉంటాయని అంచనా. సమాధి చాలాసార్లు దారి మధ్యలోనే తవ్వి, పూడ్చాక దాని మీదుగా బండ్లు తోలేవాళ్లు. తోడేళ్లు వాసన పట్టి తవ్వకుండా ఉండాలని. అందుకే చాలావాటికి గుర్తు కూడా లేదు.

ఆ భూమి అంతకుముందు ఎవరిది?

నాన్న అడిగిన ప్రశ్న. విలామెట్ లోయ కాలపుయా ప్రజలది. ఏటా గడ్డి మైదానాలకి నిప్పు పెట్టి, కామాస్ అనే దుంపలు పెరగడానికి వీలుగా నేలని అలా ఉంచింది వాళ్లే. వలస వచ్చినవాళ్లు "దేవుడు చదును చేసి పెట్టిన భూమి" అనుకున్నదాని వెనక వాళ్ల చేతులున్నాయి. 1830ల మొదట్లో ఓడల మీద వచ్చినవాళ్లతో పాటు మలేరియా వచ్చి వాళ్లలో అత్యధికుల్ని చంపేసింది. అందుకే 1843లో బండ్లు దిగేసరికి లోయ ఖాళీగా కనపడింది.

1846లో బ్రిటన్, అమెరికా కూర్చుని 49వ అక్షాంశం దగ్గర గీత గీసి ఈ ప్రాంతాన్ని పంచుకున్నాయి, గీతకి దక్షిణం అమెరికాది. 1850లో అమెరికా ప్రభుత్వం ఆ భూమిని పంచేసింది. కాలపుయాలతో ఒప్పందం కుదిరింది 1855లో. అంటే ముందు పంచి, తర్వాత కొన్నారు. 1856లో మిగిలినవాళ్లని గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కి, అంటే తెగల కోసం ప్రభుత్వం కేటాయించిన చోటికి, తరలించారు. ఇది నా ఇంటి నుంచి గంట దూరం. ఇప్పటికీ ఆ సమాజం అక్కడ ఉంది.

తూర్పున కేయూజ్ తెగది ఇంకో కథ. మార్కస్ విట్‌మన్ అనే డాక్టరు, భార్య నార్సిస్సా 1836లో వచ్చి క్రైస్తవ మిషన్ పెట్టారు. 1847లో తట్టు వచ్చింది. తెగ పిల్లలు చనిపోతుంటే తెల్లవాళ్ల పిల్లలు ఎక్కువమంది కోలుకున్నారు. మందు పేరుతో విషం ఇస్తున్నాడని అనుమానించి విట్‌మన్ దంపతుల్నీ మరికొందరినీ చంపారు. దానికి అయిదుగురు కేయూజ్ మగవాళ్లని 1850లో ఒరెగాన్ సిటీలోనే ఉరి తీశారు.

వాళ్లని "రెడ్ ఇండియన్లు" అనొచ్చా అని మా బంధువులు అడుగుతుంటారు. అనకండి. తెగ పేరు తెలిస్తే అదే అనండి, లేకపోతే నేటివ్ అమెరికన్లు.

నల్లజాతివాళ్లు కూడా వెళ్లారా?

కొద్దిమంది. 1844లోనే ఒరెగాన్ తాత్కాలిక ప్రభుత్వం బానిసత్వాన్ని నిషేధించి, దాంతో పాటే నల్లవాళ్లు ఇక్కడ ఉండకూడదని కూడా చట్టం చేసింది. ఆ ఏడే వచ్చిన జార్జ్ వాషింగ్టన్ బుష్ అనే స్వతంత్ర నల్లజాతి రైతు అందుకే కొలంబియా నదికి ఉత్తరాన, ఇప్పటి వాషింగ్టన్ రాష్ట్రంలో స్థిరపడ్డాడు. నల్లవాళ్లు రాకూడదన్న మాట ఒరెగాన్ రాజ్యాంగంలో 1926 దాకా ఉంది.

బండ్ల ప్రయాణం ఎప్పుడు ఆగిపోయింది?

1869 మే 10న యూటాలోని ప్రామంటరీ దగ్గర రెండు వైపుల రైలు పట్టాలు కలిశాయి. అయిదారు నెలల ప్రయాణం వారం రోజులైంది. టికెట్టు కొనలేనివాళ్లు, పశువులు తోలుకెళ్లేవాళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బండ్ల మీద వచ్చారు.

ఇప్పుడు చూడటానికి ఏమైనా మిగిలిందా?

ఒకే ఒక్క చోటు చూడగలిగితే వయోమింగ్‌లో గర్న్సీ దగ్గరికి వెళ్లండి. మెత్తటి ఇసుకరాయిలో చక్రాలు తొలిచిన గాడి కొన్నిచోట్ల మనిషి ఛాతీ లోతు ఉంది. మాకు దగ్గర్లో అయితే ఒరెగాన్ సిటీ, మౌంట్ హుడ్ పక్క బార్లో రోడ్డు. 1846లో శామ్ బార్లో వేసిన ఆ దారికి టోల్ బండికి అయిదు డాలర్లు. రెండువేల మైళ్లు నడిచొచ్చి చివరి కొండ దగ్గర టోల్ కట్టడం గురించి డైరీల్లో చాలా తిట్లున్నాయి.

ఎద్దులేమయ్యాయి?

ఇదీ నాన్నదే, కారెక్కాక అడిగారు. బతికి చేరినవి లోయలో పొలాలు దున్నాయి. రెండింటి కథ మాత్రం పేర్లతో సహా తెలుసు. ఎజ్రా మీకర్ అనే ఆయన 1852లో భార్యతో, చంటిబిడ్డతో ఈ దారిన వచ్చాడు. 1906లో, 75 ఏళ్ల వయసులో, జనం దారిని మర్చిపోతున్నారని మళ్లీ బండి కట్టి వెనక్కి, తూర్పుకి బయల్దేరాడు. ఊరూరా గుర్తురాళ్లు పెట్టించుకుంటూ వెళ్లాడు. దారిలో ఒక ఎద్దు చనిపోతే డాండీ అనే ఇంకో ఎద్దుని కొని, మిగిలిన డేవ్ అనే ఎద్దుకి జత కట్టాడు. అలా వాషింగ్టన్ నగరం దాకా వెళ్లి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ని కలిశాడు. 1924లో, 93 ఏళ్లప్పుడు, అదే దారి మీదుగా సైనిక విమానంలో ఎగిరాడు. డేవ్, డాండీ చనిపోయాక వాటి చర్మాల్ని బొమ్మల్లా కూరి నిలబెట్టి టకోమాలోని చరిత్ర మ్యూజియంకి ఇచ్చారు. కాడి మెడ మీదే ఉంది.

టకోమా ఇక్కడికి రెండున్నర గంటల డ్రైవ్. నాన్న వచ్చే వేసవికి టికెట్లు చూడమన్నారు.